గురువారం పదింటికి వస్తానన్న జబ్బు

ముందే చెప్పేస్తున్నాను, నేను పశువుల డాక్టర్ని కాదు. డాక్టరు గారి పక్కన మందుల పెట్టె పట్టుకుని నిలబడే అసిస్టెంటుని. ముప్పై ఏళ్లకు పైబడిన సర్వీసులో ఎన్ని గేదెల తోకలు పట్టుకున్నానో గుర్తు లేదు గానీ, ఒక్క గేదె కూడా నన్ను పట్టించుకున్న పాపాన పోలేదు. రిటైరయ్యాక మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. "సార్, మీరు బాగా చేసిన పని ఒకటి చెప్పండి" అని అడుగుతారు. బాగా చేసిన పని ఒకటే ఉంది తమ్ముళ్లూ. దానివల్ల నాకు జరిగిన నష్టం కూడా చెబుతాను, ఓపిగ్గా వినండి.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు ఎక్కడో దూరాన కోళ్లకు వింత జబ్బు వచ్చిందని పేపర్లలో పడింది. మన జిల్లాలో ఒక్క కోడి తుమ్మలేదు. అయినా ఖమ్మంలో చికెన్ కొట్ల ముందు ఈగలు కూడా వాలడం మానేశాయి. పెళ్లిళ్లలో వంకాయ కూరకు ఎన్నడూ లేని గౌరవం దక్కింది. సరిగ్గా అప్పుడే పైనుంచి మా ఆఫీసుకు లావుపాటి జిరాక్సు పుస్తకం ఒకటి వచ్చింది. బర్డ్ ఫ్లూ వస్తే ఏం చేయాలో అందులో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉంది. దాంతోపాటు ఒక ఆర్డరు. ప్రతి డివిజన్‌లో ఒక ఊరిని ఎంచుకుని, జబ్బు నిజంగా వచ్చినట్టే భావించి, మాక్ డ్రిల్ చేసి చూపించాలి.

అప్పటికి నేను భద్రాచలం అవతల అడవి అంచు మండలంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. మా సొంతూరు ముదిగొండ దగ్గర. పిల్లలిద్దరూ చదువు కోసం అక్కడ అమ్మమ్మ దగ్గరే ఉండేవారు. నేనూ మా ఆవిడా నెలకోసారి బస్సెక్కి వెళ్లి వాళ్లను చూసి వచ్చేవాళ్లం. చిన్నది నన్ను చూడగానే "నాన్నొచ్చిండు" అనడం మానేసి "చుట్టాలొచ్చిండ్రు" అనడం మొదలుపెట్టాక, మా ఆవిడ బదిలీ గురించి అడగడం మానేసి ఆజ్ఞాపించడం మొదలుపెట్టింది.

జిల్లాలో మా పెద్దసారు దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన పుస్తకం తిరగేస్తూ అన్నాడు.

"ముదిగొండలో ఖాళీ ఉందయ్యా. నీ డ్రిల్లు చూడటానికి నేనే వస్తాను. బాగా చేస్తే కాగితం అక్కడే సంతకం పెట్టి నీ చేతికిస్తా. మూడింటికల్లా నేను బయల్దేరాలి, గుర్తుంచుకో."

ఈ మాట చెప్పిన మరునాడే మా ఆవిడ వంట సామాను మూటలు కట్టేసింది. ఒక గిన్నె, ఒక గరిటె, రెండు కంచాలు మాత్రం బయట మిగిలాయి.

డ్రిల్లుకు ఊరిని ఎంచే పని నాదే. వాగు అవతల ముప్పై గడపల కోయగూడెం ఒకటుంది. ఊళ్లోకి మూడే దారులు కాబట్టి కాపలా తేలిక. ఊరి పెద్ద నాకు బాగా తెలిసినవాడు. వారం ముందే వెళ్లి ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని విషయం చెప్పాను. ఎంత వివరంగా చెబితే అంత మంచిదనుకున్నాను. నా కొంప ముంచింది ఆ వివరమే.

"పటేలా, వచ్చే గురువారం పొద్దున పదింటికి మీ ఊళ్లకు కోళ్ల జబ్బు వస్తది."

ఆయన వేపపుల్ల నోట్లోంచి తీశాడు. "పదింటికా?"

"అవ్."

"ఎవలు జెప్పిండ్రు?"

"పైనుంచి ఆర్డరొచ్చింది."

"ఇన్నేండ్ల నుంచి చూస్తున్న సారూ. అన్ని జబ్బులు చెప్పకుండనే వచ్చినయ్. టైం జెప్పి వచ్చుడు గిదే మొదలు. మర్యాద తెల్సిన జబ్బే."

"అయ్యో, నిజంగ రాదు పటేలా. ఉత్తుత్తిగ వస్తది. వచ్చిందని అనుకొని మనం చెయ్యవలసినయి చేస్తం. బయటి కోడి లోపలికి రావద్దు, లోపలి కోడి బయటికి పోవద్దు. మనుషుల రాకపోకలు గూడ బంద్."

ఆయన వేపపుల్ల అవతల పారేశాడు. "గట్లనా. గది మాకు దెల్సు. మేం జూస్కుంటం."

ఏం తెలుసు, ఎట్లా చూసుకుంటారు అని నేను అడిగి ఉండాలి. అడగలేదు. వాళ్లు పోసిన జావ తాగి, ప్రజల సహకారం పూర్తిగా లభించిందని డైరీలో రాసుకుని వచ్చేశాను.

గురువారం పొద్దున ముగ్గురం జీపులో బయల్దేరాం. నేను, మా డాక్టరు గారు, అటెండరు. డాక్టరు గారు కోస్తా వైపు కుర్రవాడు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. చాలా మంచివాడు గానీ కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. మా శాఖలో అది అర్హత కిందికే వస్తుందనుకోండి. అటెండరు పక్క గూడెం మనిషే, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నాడు. ఆయన ఒళ్లో గంప, గంపలో ఒక తెల్ల బాయిలర్ కోడి.

ఆ కోడి సంగతేమిటంటే, డ్రిల్లు మొదట్లో ఒక రైతు చచ్చిన కోడిని కనిపెట్టాలని పుస్తకంలో ఉంది. చచ్చిన కోడిని అమ్మమని భద్రాచలంలో కొట్టువాణ్ణి అడిగితే, వాడు నన్నూ అటెండర్నీ కింది నుంచి పైదాకా చూసి షట్టర్ సగం దించాడు. చివరికి బతికున్న కోడినే కొన్నాం.

అటెండరు అనుమానంగా అడిగాడు. "సారూ, గిది సచ్చినట్టు చేస్తదా?"

"ఫొటోకి రెండు నిమిషాలు పడుకుంటే చాలండీ" అన్నాడు డాక్టరు గారు.

తొమ్మిదిన్నరకు గూడెంలో దిగాం. పెద్దసారుని తీసుకురావడానికి జీపు వెనక్కి వెళ్లిపోయింది. మేం ఒక చెట్టు నీడన రక్షణ దుస్తులు తొడుక్కున్నాం. తల నుంచి కాలిదాకా తెల్ల సూటు, కళ్లద్దాలు, మాస్కు, రబ్బరు బూట్లు, రెండు జతల గ్లౌజులు. సందుల్లోంచి గాలి కూడా పోకూడదని డాక్టరు గారు మా జిప్పుల మీద ప్లాస్టర్ టేపు అంటించాడు. ఇప్పపూలు రాలే కాలం. పది నిమిషాల్లో నా బూట్లలో చెమట చప్పుడు చేయడం మొదలైంది. అడుగు వేస్తే బురదలో గేదె నడిచినట్టు చప్పుడు. తొమ్మిదేళ్లు గేదెల వెనక తిరిగినందుకు చివరికి గేదెనే అయ్యాను.

అంతలో డోలు మోగింది.

చూస్తే, మేం వచ్చిన దారికి అడ్డంగా రెండు గుంజలు పాతి, వేపాకులు గుచ్చిన తాడు కడుతున్నారు. ఊరి పూజారి బూడిద, పసుపు చల్లుకుంటూ పొలిమేర వెంట నడుస్తున్నాడు. ఊళ్లో ఒక్క కోడి బయట లేదు. అన్నీ గంపల కింద ఉన్నాయి. మిగతా రెండు దారులకూ తాళ్లు పడ్డాయట. ప్రతి తాడు దగ్గర మనుషులు కూర్చున్నారు. మా ముందున్న తాడు దగ్గర, పక్కన పసుపు నీళ్ల కుండ పెట్టుకుని, ఒక పెద్దామె బైఠాయించింది.

ఊరి పెద్ద మా దగ్గరికి వచ్చాడు. "సారూ, పది గాకముందే కట్టినం. ఇగ జబ్బు ఎట్ల వస్తదో జూద్దం."

"పటేలా, నేను ఉత్తుత్తిది అని చెప్పిన గద!"

"నువ్వు జెప్పినవ్. మరి అమ్మవారికి ఉత్తుత్తిది అంటె తెలుస్తదా? ఊరు కట్టినంక నిజంగ కట్టినట్టే. పొద్దు గూకేదాక ఎవ్వరు రావద్దు, ఎవ్వరు పోవద్దు."

డాక్టరు గారు కంగారుగా పుస్తకం తెరిచాడు. "ఏవండీ, ఇది మన ప్లాన్‌లో లేదండీ." రెండు పేజీలు తిప్పాడు. "ఉందండోయ్. దారుల మూసివేత ఉంది. పక్షుల్ని లోపల ఉంచడం ఉంది. కాళ్లు కడిగే నీళ్లు కూడా ఉన్నాయి." ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకుంటూ పోయాడు.

నాకు మాత్రం ఆ టిక్కుల మధ్య ఒక దిక్కుమాలిన ఆలోచన తట్టింది.

"పటేలా, మరి మేం?"

"మీరు లోపలనే ఉన్నరు గద సారూ. పొద్దు గూకేదాక ఈడనే."

పెద్దసారు రెండింటికి వస్తాడు, మూడింటికి పోతాడు. పొద్దు గూకేది ఆరున్నరకు. నా బదిలీ కాగితం తాడుకు అటు వైపు, నేను ఇటు వైపు.

సరే, డ్రిల్లన్నా కానిద్దామని చచ్చిన కోళ్లను పాతే సున్నం గుంట తవ్వాం. కోడిని గుంట పక్కన పడుకోబెట్టాం. పాపం, ఎండకు అలసిపోయిందేమో, కళ్లు మూసుకుని అచ్చంగా చచ్చినట్టే పడుకుంది. డాక్టరు గారు మురిసిపోయి కెమెరా తీశాడు. క్లిక్కుమనే సరికి కోడి లేచి నిలబడి, రెక్కలు దులుపుకుని, కెమెరా వైపు తిరిగి చూసింది. మళ్లీ పడుకోబెట్టాం. మళ్లీ లేచింది. నాలుగోసారికి గూడెం పిల్లలూ పెద్దలూ మా చుట్టూ కూర్చుని చూడటం మొదలుపెట్టారు. అటెండరు సిగ్గుతో గంప తన మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పన్నెండు దాటింది. నాకు రెండు రకాల ఒత్తిడి ఎక్కువైంది. ఒకటి బదిలీది. రెండోది పొద్దున తాగిన రెండు చెంబుల నీళ్లది, అదీ టేపు వేసిన జిప్పు లోపల. ఈ రెండింటికీ ఒకే పరిష్కారం కనిపించింది. వెనక వైపు వాగు దారిన జారుకుని, చుట్టూ తిరిగి రోడ్డెక్కి, పెద్దసారుని దారిలోనే కలవడం. ఎవరికీ చెప్పకుండా బయల్దేరాను. తెల్ల సూటు, కళ్లద్దాలు, చెమట చప్పుడు చేసే బూట్లు. రహస్యంగా వెళ్లాలనుకునే మనిషి వేసుకోవలసిన దుస్తులు కావవి.

వాగు దగ్గర తాడు పక్కన ఇద్దరు ఆడవాళ్లు ఇప్పపూలు ఏరుకుంటున్నారు.

"ఎటు సారూ?" అంది ఒకామె, తలెత్తకుండానే.

"ఏం లే అక్కా. వాగు దిక్కు. ఒంటికి."

"గా బట్టల్లనా?"

రెండో ఆమె నా జిప్పు మీద టేపు చూసి చాలాసేపు నవ్వింది. తర్వాత జాలిపడి చేతిలోని కొడవలి ఇచ్చింది. "గిది కోసుకొని, గా పొద సాటుకు పో. తాడు దాటకు. కొడవలి మల్ల తెచ్చియ్యి." ప్రభుత్వ రక్షణ వలయం ఆ విధంగా కొడవలితో తెగింది. పని ముగించుకుని కొడవలి తిరిగిచ్చి వచ్చిన దారినే వెనక్కి వచ్చాను.

ముందరి తాడు దగ్గరికి వచ్చేసరికి అవతల కొత్త మనిషి కనిపించాడు. పెద్దామె అల్లుడట. పొద్దున సంతలో పుంజును కొని, అత్తగారింట్లో కోసుకుందామని చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆమె తాడు ఎత్తలేదు.

"అత్తా, గింత దూరం నడిచొచ్చిన. లోపలికి రానియ్యవా?"

"నువ్వు రావచ్చునో రావద్దో పొద్దు గూకినంక జూద్దం. పుంజయితె అసలే వద్దు. గొడ్ల సారు జెప్పిండు, బయటి కోడి రావద్దని." ఆమె నా వైపు వేలు చూపించింది. అల్లుడు నన్ను ఎట్లా చూశాడో చెప్పలేను. తాడుకు అవతల తునికి చెట్టు కింద, పుంజును ఒళ్లో పెట్టుకుని అలిగి కూర్చున్నాడు.

రెండు గంటలకు జీపు వచ్చింది. పెద్దసారు ఇస్త్రీ ప్యాంటు, తెల్ల చొక్కాతో దిగాడు. నేరుగా తాడు దగ్గరికి వచ్చి చెయ్యి వేశాడు.

"తాడు ఇడువు సారూ" అంది పెద్దామె.

"నేను జిల్లా ఆఫీసర్నమ్మా."

"మా అల్లుడినే రానియ్యలే."

పెద్దసారు నా వైపు చూశాడు. ఆ చూపులో ముదిగొండ మసకబారడం నాకు స్పష్టంగా కనిపించింది.

"ఏమయ్యా, ఇదేమిటి? సరే, నువ్వే ఇటు రా. రిపోర్టు తీసుకురా. కాగితం రెడీగా ఉంది, సంతకం పెట్టి ఇచ్చి పోతాను." చంకలోని ఫైలు తట్టాడు.

తాడు నా మోకాలి ఎత్తున ఉంది. ఒక్క అడుగు. ఊరి పెద్ద పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆపలేదు. మెల్లగా అన్నాడు.

"పోతె పో సారూ. ఎవ్వరు పట్టుకోరు. కానీ నువ్వు దాటితె కట్టిందంత పోయినట్టే. ఇయ్యాల మల్ల కట్టరాదు. ఊళ్ల అందరు అడుగుతరు, చెప్పినాయనే దాటిండు గద అని."

తునికి చెట్టు కింద అల్లుడు అప్పటికే పుంజును చంకన పెట్టుకుని లేచి నిలబడ్డాడు. "సారు దాటితె నేను గూడ వస్త అత్తా. సారుకో రూలు, నాకో రూలా?"

నిజం చెబుతాను. అప్పటికే నా కుడికాలు గాలిలో ఉంది. ముదిగొండ, పిల్లలు, చుట్టాలొచ్చిండ్రు అనే ఆ చిన్నది, అందరూ కళ్ల ముందు తిరిగారు. కాని అల్లుడి చంకలోని పుంజు కూడా కళ్ల ముందే ఉంది. సంత నుంచి వచ్చిన పుంజు. ఊళ్లో ముప్పై ఇళ్లు, గంపల కింద కోళ్లు. పొద్దుటి నుంచి ఆ పెద్దామె నా మాట మీద సొంత అల్లుణ్ణి ఎండలో కూర్చోబెట్టింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే లోపలి వైపు దించాను.

"రాలేను సార్" అన్నాను. గొంతు నాదిలా లేదు. బహుశా మాస్కు వల్ల.

పెద్దసారు నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లోంచి ఏం వచ్చేదో మనకు తెలియదు. ఎందుకంటే అప్పుడే అల్లుడు "అయ్యో" అన్నాడు. చంకలోని పుంజు మెడ వాల్చేసింది. ముక్కులోంచి జిగట కారుతోంది. ఒక కాలు ఈడుస్తోంది. మా కోడి నాలుగుసార్లు చెప్పినా చావనంది. ఈ పుంజుకు ఎవరూ చెప్పకుండానే చావు దగ్గరకొచ్చింది.

"శాంపిల్ తియ్యాలి!" అన్నాడు డాక్టరు గారు లోపలి నుంచి.

తీసేవాళ్లందరం లోపలున్నాం. పుంజు బయట ఉంది. బయట ఉన్న పశువైద్యుడు ఒక్కడే.

పెద్దసారు కోడిని పట్టుకుని ఇరవై ఏళ్లయి ఉంటుంది. చుట్టూ చూశాడు. గూడెం మొత్తం తాడుకు ఇవతల వరసగా నిలబడి ఆయన్నే చూస్తోంది. జీపులోంచి సీలు తియ్యని కిట్టు తెప్పించుకున్నాడు. గ్లౌజులు, మాస్కు వేసుకున్నాడు. చేతులు కట్టుకుని నిలబడాల్సిన నేను చెయ్యి చాచి ఆర్డర్లు వేశాను.

"మెడ కింద పట్టండి సార్. కాదు సార్, అది తోక. నోరు తెరవండి. మీది కాదు సార్, పుంజుది. దూది పుల్ల గొంతులో ఒకసారి తిప్పండి. ఇప్పుడు వెనక నుంచి."

"వెనక నుంచి అంటే?"

"వెనక నుంచే సార్."

పుంజు తన చివరి శక్తినంతా కూడదీసుకుని పెద్దసారు ఇస్త్రీ ప్యాంటు మీద సంతకం పెట్టింది. గూడెం ఘొల్లుమంది. పెద్దామె పసుపు నీళ్ల కుండ తాడు కింది నుంచి అటు తోసింది. "కడుక్కో సారూ, మల్ల మల్ల కడుక్కో."

ఆయన కోప్పడలేదు. అదే ఆశ్చర్యం. సీసా మూత బిగించి, పేరు రాసి, ఐసు డబ్బాలో పెట్టాడు. చచ్చిన పుంజును అల్లుడి చేత తాడుకు అవతలే లోతుగా పాతిపెట్టించి, తనే సున్నం చల్లాడు. పరీక్ష పాసైన కుర్రాడిలా మొహం వెలిగిపోతోంది. తాడుకు అటు నుంచే డాక్టరు గారి చేత లిస్టు చదివించుకున్నాడు. దారుల మూసివేత, కాపలా, ప్రజల సహకారం, బయటి పక్షుల అడ్డగింత, అనుమానపు కేసులో శాంపిల్. అన్నిటికీ టిక్కులే.

"ఆఫీసర్ని కూడా రానివ్వలేదు. డ్రిల్లు ఇంచార్జి కూడా దాటలేదు" అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "పుస్తకంలో ఉన్నదంతా జరిగింది చూడటం ఇదే మొదటిసారి నాకు. ఒక్క మాట మీద ఊరంతా నిలబడిందంటే, ఆ మాట చెప్పిన మనిషి గొప్పవాడయ్యా."

నేను సిగ్గుపడ్డాను. చెమటలో సిగ్గు కనిపించదు కాబట్టి తలొంచుకున్నాను కూడా.

"ఇలాంటివాణ్ణి ఇక్కణ్ణుంచి కదిపితే ఈ అడవిని ఎవరు చూస్తారు?" అన్నాడు పెద్దసారు. ఫైలు తెరిచి, నా బదిలీ కాగితాన్ని ఎంతో అభిమానంతో నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ముదిగొండకు ఇంకెవరినైనా పంపుతాలే. నువ్వు ఇక్కడే ఉండాలి." మూడు కాకముందే జీపు వెళ్లిపోయింది.

పొద్దు గూకాక తాడు విప్పారు. అల్లుడు ఖాళీ చేతులతో లోపలికి వచ్చాడు. అత్త అతన్ని కూర్చోబెట్టి, మా తెల్ల కోడి వైపు చూసింది. అది ఊరు కట్టకముందే వచ్చింది కాబట్టి ఊరి కోడేనని ఊరి పెద్ద తీర్పు చెప్పాడు. డ్రిల్లులో వాడిన పక్షిని నిబంధనల ప్రకారం డిస్పోజ్ చేయడమైనది అని డాక్టరు గారు రిపోర్టులో రాశాడు. అక్షరాలా నిజం. ఆకుల్లో వడ్డించుకుని అందరం కలిసి డిస్పోజ్ చేశాం.

శాంపిల్ ఫలితం పది రోజులకు వచ్చింది. బర్డ్ ఫ్లూ కాదు, కోళ్లకు ఎప్పుడూ వచ్చే కొక్కెర తెగులే. సంత నుంచి పుంజులు వెళ్లిన రెండు మూడు ఊళ్లలో కోళ్లు బాగా పోయాయని తర్వాత తెలిసింది. ఆ గూడెంలో ఒక్కటి కూడా పోలేదు. నాకు ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని అన్ని మండలాలకూ పంపారు. దానివల్ల ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు ఏ ఆఫీసరూ నన్ను కదిలించే సాహసం చేయలేదు.

డ్రిల్లు అయిన ఆ రాత్రి ఇంటికి చేరేసరికి మా ఆవిడ మూటల మధ్య పీట వేసుకుని కూర్చుని ఉంది. నేను జరిగినదంతా వరసగా చెప్పాను. పెద్దసారు మెచ్చుకున్నదాన్ని కాస్త ఎక్కువగా చెప్పాను. ఆమె అంతా విన్నాక అడిగింది.

"అయితే, డ్రిల్లు ఉత్తుత్తిదేనా?"

"అవ్."

"ఫొటో కోసం కోడి సచ్చింది గూడ ఉత్తుత్తిదేనా?"

"అవ్."

"మరి ట్రాన్స్‌ఫర్ పోయింది మాత్రం నిజంగనా?"